చిన్న ఇంజనుకు కొత్త బుద్ధి, పెద్ద ఇంజనుకు కవచం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని కార్యదర్శి గారు కబురు పెట్టినప్పుడు, నేను చేవెళ్ళ తాలూకా పుట్టుపూర్వోత్తరాల మీద రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. ముప్పై ఆరేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసినవాడు పహాణీలు, చౌఫస్లాలు, శిస్తు బకాయిలు తప్ప ఇంకేమి రాస్తాడు? కాని ఈసారి రైలింజను గురించి రాస్తున్నాను. అందులోనూ జానెడు పొడవున్న బొమ్మ రైలింజనుతో మొదలుపెడుతున్నాను. పెద్దలు నవ్వుకోకుండా చివరిదాకా చదవమని మనవి. ఈ బొమ్మ కథ చివరికి మన పెన్షన్ల దాకా వస్తుంది.

చేవెళ్ళకు రైలు లేదు. మొయినాబాదుకూ లేదు. మర్రిచెట్ల నీడన సాగే బీజాపూరు రోడ్డే మనకు సర్వస్వం. రైలు కూత వినాలంటే మనవాళ్ళు శంకర్‌పల్లికో, లింగంపల్లికో పోవాలి. అయినా ఆ శంకర్‌పల్లి లైను మనది కాదనడానికి వీల్లేదు. మన తాలూకా కూరగాయలు, మన పిల్లల చదువులు, మన ఆడపిల్లల అత్తవారిళ్ళు ఆ లైను వెంబడి ఎన్నో ఉన్నాయి. మా మేనమామ ఆ లైనులోనే ఒక చిన్న స్టేషనులో పాయింట్స్‌మన్‌గా పనిచేశాడు. ఇళ్ళలో అందరూ కాంటావాలా అనేవారు. ఆ స్టేషను పేరు ఇక్కడ అవసరం లేదు.

జుమేరాత్ బజారు ఇంజను

1980లో ఒక గురువారం నాడు ఆఫీసు పని మీద హైదరాబాదు పోయి, పని త్వరగా ముగియడంతో పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజారులో తిరిగాను. పాత తాళాలు, విరిగిన గడియారాలు, చెయ్యి లేని బొమ్మల నడుమ ఒక నల్లటి చిన్న రైలింజను కనబడింది. కింద ట్రయాంగ్ హార్న్‌బీ అని, ఇంగ్లండులో తయారైందని అచ్చు వేసి ఉంది. బేరమాడి పది రూపాయలకు తెచ్చుకున్నాను. ఇంట్లో అక్షింతలు పడ్డాయి. "పిల్లలకు చెప్పుల్లేవు గని, తమరికి రైలా" అన్నది మా ఇంటావిడ. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

తర్వాత తెలిసింది, దాని వంశం చాలా పెద్దదని. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1901లో మెకానో అనే ఇనుప ముక్కల ఆటకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన కంపెనీ 1920లో బొమ్మ రైళ్ళు మొదలుపెట్టింది. 1938లో చిన్న కొలతతో డబ్లో అనే రకం వచ్చింది. 1964లో ట్రయాంగ్ వారు మెకానో కంపెనీని కొన్నాక రెండు పేర్లు కలిసి ట్రయాంగ్ హార్న్‌బీ అయింది. పట్టాల మధ్య వెడల్పు పదహారున్నర మిల్లీమీటర్లు. పట్టాల్లోకి 12 వోల్టుల డైరెక్టు కరెంటు పంపితే చక్రాల ద్వారా మోటారుకు చేరుతుంది. కరెంటు ఎక్కువ పంపితే వేగం ఎక్కువ, తక్కువ పంపితే వేగం తక్కువ. తీగలు తారుమారు చేస్తే వెనక్కి పోతుంది. అంతే సంగతి.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ ఒకేసారి కదులుతాయి, ఒకేసారి ఆగుతాయి. ఆజ్ఞ ఇంజనుకు పోవడం లేదు, పట్టాకు పోతున్నది. ఆఫీసులో సర్క్యులరు వచ్చినట్టే. ఎవరి పేరూ ఉండదు, అందరికీ వర్తిస్తుంది.

మన లైను, మన పాత జాగ్రత్తలు

ఇక పెద్ద రైలు సంగతి. బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే రాయచూరు దాకా 1871లో పూర్తయింది. ఆ మార్గంలోని వాడి జంక్షను నుంచి సికింద్రాబాదు వరకు నిజాం సర్కారు ఖర్చుతో వేసిన లైను 1874లో తెరుచుకున్నది. దివాను మొదటి సాలార్‌జంగు కాలం అది. తరువాత నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే కంపెనీ వచ్చింది. 1930లో నిజాం ప్రభుత్వమే దానిని స్వాధీనం చేసుకున్నది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, మన లైను అందులోకి వచ్చింది. సర్కార్లు మారాయి, బోర్డుల మీద పేర్లు మారాయి, శంకర్‌పల్లి, చిట్టిగిద్ద, వికారాబాదు మాత్రం అక్కడే ఉన్నాయి.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మామ దగ్గరికి పోయేవాణ్ణి. అప్పుడు ఒంటి లైను. ఎదురెదురుగా రెండు బండ్లు ఒకే లైనులోకి రాకుండా స్టేషను మాస్టరు గదిలో ఒక ఎర్ర పెట్టె ఉండేది. దాంట్లోంచి ఒక ఇనుప గుండు బయటికి వస్తుంది. అదే టోకెను. ఈ స్టేషను పెట్టెకూ, అవతలి స్టేషను పెట్టెకూ తీగ సంబంధం ఉంటుంది. రెంటిలో కలిపి ఒకసారికి ఒక్క గుండే బయటికి వస్తుంది. ఆ గుండును తోలు సంచిలో వేసి, వెదురు వలయానికి కట్టి, పోతున్న ఇంజను డ్రైవరుకు అందించేవారు. గుండు చేతిలో లేనిదే డ్రైవరు బండి కదల్చడు.

సిగ్నలు చెయ్యి సంగతి కూడా మామే చెప్పాడు. ఆ చెయ్యి కిందికి దిగితే దారి ఉన్నట్టు, అడ్డంగా ఉంటే ఆగమన్నట్టు. దానిని దింపే తీగ ఎక్కడైనా తెగిపోతే? వెనుక ఒక బరువు కట్టి ఉంటుంది. ఆ బరువు చేతిని తిరిగి ఆగమనే స్థితికే తెస్తుంది. బ్రేకు కూడా అంతే. బండి పొడుగునా ఉన్న వాక్యూమ్ గొట్టం ఎక్కడ విడిపోయినా బ్రేకులు వాటంతట అవే పడతాయి. పదేళ్ళ పిల్లవాడిగా నాకు అది గొప్ప వింతగా తోచింది. యంత్రం చెడితే బండి ఆగిపోవాలని ముందే ఆలోచించి పెట్టారు.

ఇన్ని జాగ్రత్తలున్నా ఒకటి మిగిలిపోయింది. ఎర్ర దీపాన్ని డ్రైవరు కన్ను చూడాలి, చూసి చెయ్యి బ్రేకు వెయ్యాలి. ఈ రెండింటి నడుమ మనిషి ఒక్కడే ఉన్నాడు.

1967 చలికాలంలో ఒక తెల్లవారుజామున దట్టంగా మంచు పట్టింది. స్టేషనులో ఒక గూడ్సు నిలబడి ఉంది. వెనుక నుంచి వస్తున్న బండికి సిగ్నలు ఎర్రగానే ఉంది. మామ చేతి దీపం ఎర్రగానే ఎత్తి చూపుతున్నాడు. ఆ డ్రైవరుకు మంచులో ఏదీ కనబడలేదు. చివరి క్షణంలో గూడ్సు వెనుక దీపం చూసి బ్రేకు వేశాడు. నాలుగు బారల దూరంలో బండి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణ జరిగింది. మామ మీద ఏ తప్పూ లేదని తేల్చారు. కాని ఆయన మనసులో ఆ విచారణ ముగియలేదు. రిటైరై, ముసలితనం వచ్చి, మంచం పట్టిన తరువాత కూడా నన్ను చూసినప్పుడల్లా అడిగేవాడు:

"ఒరే, నేను ఎర్ర లైటు సరిగ్గనే చూపిన గదరా?"

"చూపినవు మామా" అనేవాణ్ణి. మరుసారి మళ్ళీ అదే ప్రశ్న. 1994లో ఆయన కాలం చేశాడు.

గుమాస్తా చేతిలో డీకోడరు

2009లో నేను సీనియరు అసిస్టెంటుగా పదవీ విరమణ చేసి మొయినాబాదులో స్థిరపడ్డాను. జుమేరాత్ బజారు ఇంజను ఇనుప పెట్టెలోనే ఉంది. ఇంజనీరింగు చదువుతున్న మనవడు ఒకరోజు దాన్ని బయటికి తీసి, "తాతా, దీన్ని డిజిటల్ చేద్దామా" అన్నాడు. నాకు వెంటనే మా ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చిన రోజులు గుర్తుకొచ్చి గుండె జారింది. అయినా సరేనన్నాను.

దీనికీ ఒక చరిత్ర ఉంది. 1980 ప్రాంతంలోనే హార్న్‌బీ వారు జీరో వన్ అనే అంకెల పద్ధతి ఒకటి తెచ్చారు. 1980ల చివరలో జర్మనీలో లెంజ్ అనే కంపెనీ ఇంకా మేలైనదాన్ని తయారుచేసింది. 1935 నుంచి ఉన్న అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వారు 1990లలో దాని ఆధారంగానే అందరికీ ఒకే ప్రమాణం ఏర్పరిచారు. దాన్ని డి.సి.సి. అంటారు. ఏ కంపెనీ ఇంజనైనా, ఏ కంపెనీ పెట్టెతోనైనా నడవాలన్నది దాని ఉద్దేశం.

ఇది ఎలా పనిచేస్తుందో మన భాషలో చెబుతాను. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాని దిశ మాత్రం క్షణానికి కొన్ని వేలసార్లు మారుతుంటుంది. తొందరగా మారితే ఒకటి, నెమ్మదిగా మారితే సున్న. ఈ ఒకట్లు, సున్నలతో చిన్న చిన్న ఫైళ్ళు తయారై పట్టాల మీద తిరుగుతుంటాయి. ప్రతి ఫైలు మీద మొదట సీటు నంబరు, తరువాత ఆజ్ఞ, చివర టాలీ అంకె. ఇంజనులో కూర్చున్న డీకోడరు అనే చిన్న గుమాస్తా తన సీటు నంబరు ఉన్న ఫైలే తీసుకుంటాడు, మిగతావి ముట్టడు. చివరి అంకె ముందున్నవాటితో టాలీ కాకపోతే ఆ ఫైలును పక్కన పారేస్తాడు. పారేసినా నష్టం లేదు. పై అధికారి అదే ఆజ్ఞను ఆగకుండా మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటాడు. మనకు రిమైండరు మీద రిమైండరు వచ్చినట్టు. ఇంజను నంబరు మూడుకు "ముందుకు నడువు" అని చెబితే, అదే పట్టా మీద ఉన్న ఇంకో నంబరు ఇంజను కదలదు. సర్క్యులరు పోయి, పేరు పెట్టి రాసిన మెమో వచ్చిందన్నమాట.

కొత్త ఇంజన్లలో ఈ డీకోడరు గుచ్చడానికి గూడు సిద్ధంగా ఉంటుంది. పాతవాటిలో ఉండదు. పైగా మా ఇంజను మోటారు కట్టుబడిలో ఒక చిక్కు ఉంది. మోటారుకు రెండు బొగ్గు బ్రష్షులు. ఒక బ్రష్షు స్ప్రింగు నేరుగా ఇంజను ఇనుప చట్రానికే ఆనుకుని ఉంటుంది. చట్రమేమో ఒకవైపు చక్రాల ద్వారా పట్టాకు కలిసి ఉంటుంది. పాత పద్ధతికి అది సౌకర్యం, కొత్త పద్ధతికి అది ప్రమాదం. ఎందుకంటే పట్టా కరెంటు మొదట డీకోడరుకే రావాలి. డీకోడరు ఇచ్చినంతే మోటారుకు పోవాలి. మోటారుకూ పట్టాకూ నేరుగా ఏ సంబంధమూ ఉండకూడదు. అర్జీదారుడు నేరుగా రికార్డు గదిలోకి పోకూడదన్న నియమం వంటిది.

పని ఇలా చేశాము. మొదట మోటారును విప్పి, నలభై ఏళ్ళ మురికి కడిగి, బ్రష్షులు మార్చి, ఒక చుక్క నూనె వేసి, పాత పద్ధతిలోనే నడిపి చూశాము. పాత పద్ధతిలో సరిగా నడవని ఇంజను కొత్త పద్ధతిలోనూ నడవదు. తరువాత చక్రాలు తిరగకుండా వేలితో ఒక్క క్షణం పట్టి, మోటారు ఎంత కరెంటు లాగుతుందో కొలిచాము. పాత మోటార్లు ఎక్కువ లాగుతాయి. డీకోడరు అంతకు మించి భరించగలిగినదై ఉండాలి. మాది ఒక ఆంపియరు దాటింది కాబట్టి పెద్ద రకమే కావలసి వచ్చింది. తరువాత చట్రానికి ఆనుకున్న స్ప్రింగుకు సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేరు చేశాము. డీకోడరు ఎర్ర, నల్ల తీగలు పట్టాల వైపు కరెంటుకు. నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు. తెలుపు, పసుపు, నీలం తీగలు దీపాలకు. ఈ రంగులు ప్రపంచమంతా ఒకటే.

మొదటిసారి స్విచ్చి వేయగానే కాలిన వాసన వచ్చింది. తొడిగిన గొట్టం జారి స్ప్రింగు మళ్ళీ చట్రాన్ని తాకింది. డీకోడరు పోయింది. "తాతా, మీటరు పెట్టి చూసినవా?" అన్నాడు మనవడు. చూడలేదు. ముప్పై ఆరేళ్ళు కూడికలు రెండుసార్లు చూసి సంతకం పెట్టినవాణ్ణి, ఇక్కడ ఒక్కసారి కూడా చూడలేదు. రెండో డీకోడరు తెప్పించడానికి మూడు నెలలు పట్టింది. ఈసారి మోటారుకూ చట్రానికీ మధ్య సంబంధం లేదని మీటరుతో నాలుగుసార్లు చూసి గాని స్విచ్చి వేయలేదు. ఇంజను కదిలింది. చీమ నడిచినట్టు నెమ్మదిగా కదిలింది. పాత పద్ధతిలో అంత నెమ్మది ఎన్నడూ చూడలేదు.

అసలు సంగతి వారం తరువాత జరిగింది. పట్టాల మీద ఎక్కడో తీగ వదులై సంకేతం చెడింది. నెమ్మదిగా పోతున్న ఇంజను ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుని, మలుపు దగ్గర పట్టా తప్పి, బల్ల మీది నుంచి కింద గచ్చు మీద పడింది. ముందు బఫరు విరిగింది. నాకు నోట మాట రాలేదు.

మనవడు పుస్తకం తిరగేసి కారణం చెప్పాడు. ఈ డీకోడర్లకు పాత పద్ధతి పట్టాల మీద కూడా నడిచే ఏర్పాటు ఉంటుంది. అంకెల సంకేతం చెడి, పట్టాల్లో ఉత్త కరెంటు మాత్రమే కనబడితే, పాత పద్ధతి పట్టా మీదికి వచ్చాననుకుని ఆ కరెంటు చూపినంత వేగం అందుకుంటుంది. ఆ ఏర్పాటును ఒక అంకె మార్చి మూసేయవచ్చు. ఇంకొక అంకెతో, ఇంతసేపు తన పేర ఏ ఆజ్ఞా రాకపోతే తనంతట తానే ఆగిపొమ్మని కూడా చెప్పవచ్చు. రెండూ చేశాము. ఇప్పుడు సంకేతం పోతే మా ఇంజను ఉన్నచోటనే ఆగుతుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సిగ్నలు చేతి వెనుక కట్టిన బరువు గుర్తుకొచ్చింది. యంత్రం ఎంత తెలివైనదన్నది రెండో ప్రశ్న. సందేహం వచ్చినప్పుడు అది ఏం చేస్తుందన్నది మొదటి ప్రశ్న.

చిట్టిగిద్ద దగ్గర కవచం

ఇప్పుడు మన లైనుకు వద్దాము. బండ్లు ఒకదానినొకటి ఢీకొనకుండా స్వదేశీ పద్ధతి ఒకటి తయారుచేయాలని లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. 2012లో పని మొదలుపెట్టింది. దాని ప్రయోగానికి ఎంచుకున్నది దేశంలో ఏ రాజధాని మార్గమో కాదు, మన లింగంపల్లి, వికారాబాదు, వాడి, బీదరు మార్గాలు. సుమారు 250 కిలోమీటర్లు. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్లతో పరీక్షలు మొదలయ్యాయి. దీన్ని తయారుచేయడానికి మొదట అనుమతి పొందిన మూడు కంపెనీలు, అంటే మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్, మూడూ మన హైదరాబాదువే. 2020 జులైలో దీన్ని జాతీయ పద్ధతిగా స్వీకరించారు. పేరు కవచ్.

ఇందులోనూ పాత ఇంజనులో కొత్త పెట్టె అమర్చడమే జరుగుతుంది. ఇది మనకు కొత్త కాదు. 1960లలో వచ్చిన ఆల్కో రకం డీజిలు ఇంజన్లలో రిలేలతో నిండిన పాత పెట్టెలను తీసి మైక్రోప్రాసెసరు పెట్టెలు పెట్టే పనిని పైన చెప్పిన మేధా వారే ఎప్పటినుంచో చేస్తూ వచ్చారు. కవచ్‌లో ఇంజను కింద ఒక రీడరు ఉంటుంది. పట్టాల నడుమ స్లీపర్ల మీద బిగించిన చిన్న ట్యాగులను అది చదువుతూ, బండి ఎక్కడున్నదీ తెలుసుకుంటుంది. ఇరుసు దగ్గరి పరికరం వేగం చెబుతుంది. స్టేషను దగ్గరి టవరు నుంచి రేడియో ద్వారా సిగ్నలు సమాచారం అందుతుంది. డ్రైవరు ముందున్న తెరమీద అన్నీ కనబడతాయి. వీటన్నిటి వెనుక బ్రేకుకు కలిపిన ఒక పెట్టె ఉంటుంది.

మా బొమ్మ ఇంజనుకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బొమ్మను మేము దూరం నుంచి నడుపుతాము. కవచ్ బండిని నడపదు. నడిపేది డ్రైవరే. ఆయన కన్ను దాటిపోయినదాన్ని అది చూస్తుంది, ఆయన చెయ్యి వెయ్యని బ్రేకును అది వేస్తుంది.

2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య దీన్ని అందరి ముందూ పరీక్షించారు. ఒకే లైనులో రెండు బండ్లను ఎదురెదురుగా నడిపించారు. ఒక ఇంజనులో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. ఎదుటి బండిలో రైల్వే బోర్డు ఛైర్మన్ ఉన్నారు. మంత్రి ఉన్న ఇంజను ఎదుటి బండికి 380 మీటర్ల దూరంలో తనంతట తాను ఆగింది. ఎర్ర సిగ్నలును దాటబోతే దాటనివ్వలేదు. పక్క లైనులోకి తిరిగేటప్పుడు 60 కిలోమీటర్ల వేగాన్ని 30కి తగ్గించింది. గేటు దగ్గర తానే కూత వేసింది.

మరునాడు పత్రికలో చదివి, మనవడి మోటారు సైకిలు మీద నవాబుపేట వైపు పోయాను. చూడడానికి పెద్దగా ఏమీ లేదు. చేలు, పట్టాలు, ఒక ఎత్తైన టవరు, పట్టాల నడుమ సబ్బు బిళ్ళ వంటి ట్యాగులు. గేటుకు ఇవతలే నిలబడి అరగంట చూశాను. ఒక గూడ్సు పోయింది. మామను తలుచుకున్నాను. ఆ తెల్లవారుజామున ఆ ఇంజనులో ఇటువంటి పెట్టె ఉంటే, మంచులో కనబడని ఎర్ర దీపం ఇంజను లోపలి తెరమీద కనబడేది. డ్రైవరు చూడకపోయినా బ్రేకు పడేది. మామకు ఆ ప్రశ్న ఉండేది కాదు.

కవచం కాపాడలేనివి

ఇది అన్ని రోగాలకూ మందని నేను అనడం లేదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా పోయారు. వంతెన కూలితే కవచ్ ఏం చేయగలదు? 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ దగ్గర జరిగిన ఘోరంలో సిగ్నలు తీగల కలపడంలోనే తప్పు జరిగింది. అక్కడ కవచ్ లేదు. ఉన్నా సిగ్నలే తప్పు చెబితే అది ఎంతవరకు ఆపేదో అనుమానమే. మరోవైపు 2019 నవంబరు 11న కాచిగూడ స్టేషనులో లోకల్ రైలు వెళ్ళి ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్నది. ఆ రైలు డ్రైవరు గంటల తరబడి క్యాబినులో చిక్కుకుని, తరువాత ఆసుపత్రిలో ప్రాణాలు విడిచాడు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక పాసింజరు ముందున్న పాసింజరును వెనుక నుంచి ఢీకొన్నది. ఇటువంటివాటి కోసమే కవచ్ పుట్టింది. దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర దీన్ని ముందుగా అమర్చారు. దేశం మొత్తం లైన్లతో పోలిస్తే అది చిన్న ముక్క. 2024 జులైలో దీని నాలుగో రూపానికి ఆమోదం లభించి, వేరే మార్గాల్లో పని సాగుతున్నది.

రోడ్డుకైతే అసలే కవచం లేదు. 2025 నవంబరు 3న మన చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, తాండూరు బస్సు ఢీకొని పందొమ్మిది మంది పోయిన రోజును మనం మరువలేము. ఆ మర్రిచెట్ల రోడ్డు మీద మనమంతా జీవితకాలం బస్సులో తిరిగినవాళ్ళమే. రైలు పట్టా మీద నూట యాభై ఏళ్ళుగా పేరుస్తూ వచ్చిన జాగ్రత్త, రోడ్డు మీద ఇంకా మొదలే కాలేదనిపిస్తుంది.

ఇక మన సంగతి

పోయిన ఏడాది జీవన ప్రమాణ పత్రం కోసం ఒక కేంద్రానికి పోయాను. జీవన్ ప్రమాణ్ అనే ఈ డిజిటల్ పద్ధతి 2014 నవంబరులో వచ్చింది, మంచిదే. కాని నా బొటనవేలి గీతలు అరిగిపోయాయి. యంత్రం ఒప్పుకోలేదు. నేను ఎదురుగా నిలబడి ఉండగానే నేనున్నట్టు దానికి నమ్మకం కుదరలేదు. నాలుగుసార్లు తిరిగాక ఒక ఉద్యోగి ఓపికగా ముఖం చూపే పద్ధతిలో పని ముగించాడు. ఆయన చల్లగా ఉండాలి. అంత తిరగలేని మన తోటి పెద్దల మాటేమిటి?

రైలు విషయంలో సందేహం వస్తే ఆపడమే క్షేమం. పెన్షను విషయంలో సందేహం వస్తే ఆపడం క్షేమం కాదు. అక్కడ ఆగేది బండి కాదు, మందులు, పాలు, కరెంటు బిల్లు. సిగ్నలు చేతి వెనుక బరువు కట్టిన ఇంజనీరు ఏ వైపు పడితే మనిషి బతుకుతాడో ముందు ఆలోచించాడు. ఆ తరువాతే బరువు కట్టాడు. మన వేలిముద్ర యంత్రం వెనుక కూడా అటువంటి బరువు ఒకటి కట్టాలి. వేలు నమ్మకపోతే పెన్షను ఆపకుండా, ఇంటికి ఒక మనిషిని పంపి చూసే ఏర్పాటు ఉండాలి. ఈ విషయం వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా పెట్టవలసిందని కార్యదర్శి గారిని కోరుతున్నాను. ముసాయిదా నేనే రాసి ఇస్తాను. ఆ అలవాటు చేతికి ఇంకా పోలేదు.

మా ఇంజను మొయినాబాదులో మా ఇంటి ముందు గదిలో బల్ల మీద ఉంది. విరిగిన బఫరును అట్లాగే ఉంచాను. మనవడు కొత్తది తెస్తానంటే వద్దన్నాను. చిలుకూరు బాలాజీ దర్శనానికి వచ్చే మిత్రులు తీరిక ఉంటే మా ఇంటికి వచ్చి చూసిపోవచ్చు. వచ్చిన ప్రతివారికీ నేను మొదట చూపేది దాని వేగం కాదు. పట్టా మీద అది నడుస్తుండగా సంకేతపు తీగ ఒకటి పీకేస్తాను. అది ఆగిపోతుంది. మామ చేతి దీపాన్ని అది చూసిందని అనుకుంటాను.